గది తాళం చేతికిచ్చే ముందు

కాటారం చౌరస్తా సంగతి మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. మంథని నుండి వచ్చే దారి, భూపాలపల్లి నుండి వచ్చే దారి, మహాదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయే దారి అక్కడ కలుస్తాయి. గోదావరి మీద కాళేశ్వరం దగ్గర కట్టిన వంతెన 2016 చివర్లో తెరుచుకున్నాక మహారాష్ట్రలోని సిరొంచ వైపు నుండి కూడా బండ్లు నేరుగా ఇటే వస్తున్నాయి. దారులు కలిసే చోటికి మనుషులు వస్తారు. చీకటి పడితే, "ఇక్కడ ఒక్క రాత్రి ఉండటానికి గది దొరుకుతుందా?" అని అడుగుతారు.

ఒకప్పుడు ఈ ప్రశ్న ఏడాదిలో ఏ ఒకటి రెండు సార్లో వినబడేది. ఇప్పుడు అలా కాదు. 2015లో గోదావరి పుష్కరాలు, 2022లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మే 15 నుండి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. రెండేళ్ళకొకసారి మేడారం జాతర ఉంటుంది. మొన్నటిది 2026 జనవరి 28 నుండి 31 వరకు జరిగింది. గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో వస్తాయి. ఇవి కాక 2016 నుండి కాళేశ్వరం ప్రాజెక్టు పనుల కోసం ఇంజనీర్లు, డ్రైవర్లు, ఇతర రాష్ట్రాల కూలీలు ఈ ప్రాంతానికి వచ్చారు. భూపాలపల్లి బొగ్గు గనులు, చెల్పూరు కరెంటు కేంద్రం, తాడిచెర్ల గని పనులకు వచ్చేవారు వేరు. ఈ మండలాల్లో లాడ్జీలు తక్కువ. కాబట్టి ముందు గది ఖాళీగా ఉన్న సాధారణ కుటుంబాలే కిరాయికి ఇస్తున్నాయి.

ఇందులో తప్పేమీ లేదు. పత్తి ధర పడిపోయిన ఏడాది ఆ నాలుగు రోజుల కిరాయి పిల్లల కాలేజీ ఫీజుకు అక్కరకొస్తుంది. అయితే ముక్కూ మొహం తెలియని మనిషికి మన గడపలో చోటిస్తున్నాము. మన ఆడపిల్లలు, ముసలి తల్లిదండ్రులు అదే ఆవరణలో నిద్రపోతారు. కనుక ఎవరికి ఇవ్వాలి, ఏమి అడగాలి, ఏమి అడగకూడదు అనే సంగతులు ఈ నెల మనం కొంచెం వివరంగా ఆలోచిద్దాం.

ఇల్లు ఒక్కరిదేనా?

పట్టణాల్లో టైమ్‌షేర్ అనే పద్ధతి ఉంది. ఐరోపాలో 1960లలో మొదలై, మన దేశానికి 1980ల రెండో సగంలో వచ్చింది. ఊటీలోనో గోవాలోనో ఉన్న ఒక విశ్రాంతి గృహంలో ఏడాదికి ఒక వారం ఉండే హక్కును కొనుక్కుంటారు. మిగతా వారాలు వేరేవారివి. తమ వారం తాము వెళ్ళలేకపోతే కొందరు దానిని ఇతరులకు కిరాయికి ఇస్తారు. అయితే వెళ్ళిన అతిథి అద్దం పగలగొట్టినా, పక్క గదివారితో గొడవపడినా సాధారణంగా ఆ మాట వచ్చేది హక్కు కొన్న సభ్యుని మీదికే. అందుకే తెలివిగలవారు తమ వారాన్ని అప్పగించే ముందు, వచ్చేది ఎవరో, ఎందరో, ఎందుకో కనుక్కుంటారు.

ఇది మనకు కొత్త సంగతిలా కనిపిస్తుంది గానీ కాదు. నాన్న కట్టిన ఇల్లు ముగ్గురు అన్నదమ్ములది. ఒకరు కరీంనగర్‌లో, ఒకరు హైదరాబాదులో, ఒకరు ఊళ్ళో ఉంటారు. పండుగకు ఒకరు, సెలవులకు ఒకరు వచ్చి ఉంటారు. ఇదీ వంతుల ఇల్లే. ఊళ్ళో ఉన్న తమ్ముడు ఎవరికీ చెప్పకుండా జాతర రోజుల్లో ఇల్లు కిరాయికి ఇస్తే, తర్వాత బీరువా తలుపు విరిగిందనో, అమ్మ పెట్టె కనబడలేదనో మాట వస్తుంది. పోయేది వస్తువు మాత్రమే కాదు, అన్నదమ్ముల మధ్య నమ్మకం కూడా. కనుక పాలివారందరినీ ముందే అడగండి. ఏ గది ఇస్తున్నాము, ఎన్ని రోజులు, వచ్చిన డబ్బు ఎలా పంచుకుంటాము అన్న మూడు సంగతులు ఒక కాగితం మీద రాసి ఫోనులో అందరికీ పంపితే సరిపోతుంది.

అడగకపోతే ఏమవుతుంది?

2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఆ పని చేసినవారు అంతకు ముందు నగరం అంచున అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, మారు పేర్లతో ఉన్నారని దర్యాప్తులో తేలింది. 2016 డిసెంబరులో ఐదుగురికి న్యాయస్థానం మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని ఖరారు చేసింది. ఈ సంగతి ఏ మతంవారినో అనుమానించమని చెప్పడం లేదు. చెడు తలపెట్టినవాడు ఏ పేరైనా పెట్టుకోగలడు, ఏ ఊరివాడినని అయినా చెప్పగలడు. అందుకే మొహం చూసి, మాట విని, వేషం చూసి తీర్మానించకుండా, కాగితం చూసి సరిచూసుకోవాలి. ఇదే ఆ ఘటన నేర్పే పాఠం.

అంత పెద్ద సంగతి మన ఊళ్ళో జరగకపోవచ్చు. గంజాయి మూట ఒక రాత్రి దాచిపెట్టడానికి, పేకాటకు, ఆడపిల్లలను మోసపుచ్చి తీసుకుపోయేటప్పుడు మజిలీకి, దొంగ సరుకు దించడానికి కూడా ఊరి చివరి గదులే కావాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం, తెలిసి తన ఇంటిని అటువంటి పనికి వాడుకోనిచ్చిన యజమానికి కూడా శిక్ష ఉంటుంది. వ్యభిచార నిరోధానికి చేసిన 1956 చట్టంలోనూ ఇదే మాట ఉంది. ఇందులో 'తెలిసి' అన్న మాట ముఖ్యం. మనం అడిగి, చూసి, రాసుకుని ఉంటే, మనకు తెలియదని చెప్పడానికి ఆధారం ఉంటుంది. ఏమీ అడగకుండా డబ్బు తీసుకుని తాళమిచ్చిన మనిషి మాట పోలీసు స్టేషనులో అంత తేలికగా నిలవదు.

బాటసారుల లెక్క రాసుకోవడం కొత్త పద్ధతి కాదు. సత్రాలను జిల్లా మేజిస్ట్రేటు దగ్గర నమోదు చేయించాలని 1867లోనే సరాయిల చట్టం చెప్పింది.

ఫోనులోనే అడగవలసినవి

మనిషి గడప దగ్గరికి వచ్చాక, పిల్లలు అలసి నిలబడ్డాక, లేదని చెప్పడం ఎవరికైనా కష్టమే. కాబట్టి అడగవలసినవి ముందే, ఫోనులోనే అడగాలి. గట్టిగా కాదు, దర్యాప్తు చేసినట్లు కాదు. మన ఇండ్లలో మాట్లాడుకునే తీరులోనే అడగవచ్చు. ఉదాహరణకు ఇలా:

"నమస్తే అక్కా, రెండు రోజులకు రూము కావాలె."

"నమస్తే తమ్మీ. ఎక్కడికెల్లి వస్తున్నరు?"

"మంచిర్యాల నుంచి అక్కా. కాళేశ్వరం స్నానానికి."

"మంచిది. ఎంతమంది వస్తరు? ఆడోళ్ళు, పిల్లలు ఉన్నరా?"

"మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను."

"బండి మీదనా, బస్సులనా? ఎన్ని గంటలకు చేరుతరు?"

"కారుల వస్తం. ఎనిమిది దాటుతది."

"సరే బిడ్డా. వచ్చినప్పుడు పెద్దోళ్ళందరి ఆధార్ చూపియ్యాలె. మా ఇంట్ల మందు, సిగరెట్ నడవది. రాత్రి పది తర్వాత గేటుకు తాళం వేస్తం. ఇష్టమైతే రాండ్రి."

ఇంతే. రెండు నిమిషాల మాట. నిజంగా కుటుంబంతో వచ్చే మనిషి ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, పైగా ధైర్యపడతాడు. ఇంత జాగ్రత్తగా ఉన్న ఇంట్లో తన తల్లి, భార్య కూడా భద్రంగా ఉంటారని అనుకుంటాడు. ఎందరు వస్తారో చెప్పకుండా దాటవేసేవాడు, ఆధార్ మాట ఎత్తగానే ఎక్కువ డబ్బు ఇస్తానని ఆశపెట్టేవాడు, ఐదుగురు అని చెప్పి పన్నెండుమందితో దిగేవాడు, అడిగిన ప్రతిసారీ వేరే ఊరు చెప్పేవాడు కనబడితే మనం తొందరపడకూడదు. "ఈసారికి వీలుకాదు అన్నా" అని మర్యాదగా చెప్పి ఊరుకోవాలి. కారణం చెప్పనవసరం లేదు.

కాగితాల సంగతి

1. పెద్దవారందరి గుర్తింపు కార్డులు చూడండి. ఒక్కరిది చూసి వదిలేయవద్దు. ఆధార్ అయినా, ఓటరు కార్డు అయినా, డ్రైవింగ్ లైసెన్సు అయినా సరే. కార్డు మీది ఫొటోను, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చి చూడండి.

2. ఆధార్ కార్డు మీద ఉండే క్యూఆర్ గుర్తును ఆధార్ సంస్థవారి యాప్‌తో చూస్తే కార్డు అసలుదో నకిలీదో తెలుస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లలు ఈ పని నిమిషంలో చేస్తారు.

3. జిరాక్సు తీసుకోవలసి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. ఇతరుల కార్డు ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. అవసరం తీరాక చింపివేయాలి. వారు నమ్మి ఇచ్చినదానిని కాపాడటం మన బాధ్యత.

4. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పేరు, ఊరు, ఫోను నంబరు, మనుషుల సంఖ్య, బండి నంబరు, వచ్చిన తేదీ, గంట, వెళ్ళిన తేదీ, గంట రాసుకోండి. అతిథి చేతే సంతకం పెట్టించండి. అతను ఇచ్చిన నంబరుకు అక్కడే ఒకసారి రింగు ఇచ్చి చూడండి.

5. నెలల తరబడి ఉండేవారికి, అంటే గని పనికి, రోడ్డు పనికి వచ్చినవారికి, కిరాయి పత్రం రాసుకోండి. ఏడాదికి మించిన కిరాయి పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 రిజిస్ట్రేషను చట్టం చెబుతుంది. 11 నెలల పత్రాలు వాడుకలోకి వచ్చింది అందుకే. పనిచేసే కంపెనీ లేదా మేస్త్రీ పేరు, సొంత ఊరిలో ఒకరి నంబరు కూడా రాసుకోండి. ఆ వివరాలు స్థానిక పోలీసు స్టేషనులో ఇచ్చి రావడం మంచిది. కొన్ని చోట్ల ఇవ్వాలని ఉత్తర్వులు కూడా ఉంటాయి.

6. విదేశీయులు బస చేస్తే ఆ సంగతి 24 గంటలలోగా అధికారులకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇది లాడ్జీలకే కాదు, ఇండ్లకూ వర్తిస్తుంది. విదేశాల నుండి మిషనరీ స్నేహితులు వచ్చి మన ఇండ్లలో దిగినప్పుడు కూడా ఈ సంగతి మరువవద్దు.

డబ్బు దగ్గర మోసం

ఎదుటివాడు మన ఇంటికి రాకుండానే దోచుకునే పద్ధతి ఒకటి ఉంది. "నేను సైనికుడిని, బదిలీ మీద వస్తున్నాను, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపుతాను" అంటాడు. యూనిఫాం వేసుకున్న ఫొటో కూడా పంపుతాడు. తర్వాత ఒక క్యూఆర్ గుర్తు పంపి, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు మీ ఖాతాలో పడుతుందని చెబుతాడు. నొక్కితే మన డబ్బే పోతుంది. ఒక్క మాట ఇంట్లో అందరికీ నేర్పండి: డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నొక్కవలసిన పని ఎప్పుడూ ఉండదు, పంపడానికే పిన్ కావాలి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

అడగకూడనివి

ఇక్కడ మనం ఒక నిమిషం ఆగి ఆలోచించవలసి ఉంది. "మీరేమిటోళ్ళు?" అనే ప్రశ్న మన పల్లెల్లో చాలా ఇండ్ల ముందు వినబడుతుంది. పట్టణానికి చదువుకో, ఉద్యోగానికో వెళ్ళి గది కోసం తిరిగినప్పుడు మన సంఘాల పిల్లలకు ఆ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. గది ఖాళీగా ఉందని బోర్డు ఉంటుంది, కులం చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు. ఆ మాట ఎంత లోతుగా తగులుతుందో మనకు తెలుసు. అటువంటిది మన చేతికి ఒక గది తాళం రాగానే మనమే ఆ ప్రశ్న అడగడం న్యాయమేనా?

1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పేరుతో హోటళ్ళలో, సత్రాలలో చోటు నిరాకరించడం నేరం. చట్టం మాట అటుంచితే, కులం అడిగినందువల్ల ఇంటికి భద్రత పెరగదు. దొంగతనానికి కులం లేదు, మంచితనానికీ లేదు. ఒడిశా నుండి, బీహారు నుండి పనికి వచ్చిన కూలీ మాసిన బట్టలతో ఉన్నాడని తలుపు వేసి, ఇస్త్రీ చొక్కా, కారు తాళాలు చూసి ఏమీ అడగకుండా గది ఇస్తే అది జాగ్రత్త అనిపించుకోదు. అందరినీ ఒకే ప్రశ్నలు అడగాలి, అందరి దగ్గరా అవే కాగితాలు చూడాలి. అలా చేస్తేనే అది పరిశీలన అవుతుంది. ఒకరిని అడిగి ఒకరిని వదిలేస్తే అది వివక్ష అవుతుంది.

"మన విశ్వాసం వేరు గదా, జాతరకు, పుష్కరాలకు పోయేవారికి గది ఇవ్వవచ్చునా?" అని కొందరు అడుగుతుంటారు. బాటసారికి చాప పరచడం వేరు, అతని మొక్కులో పాలుపొందడం వేరు. అయితే మన ఇంటి కట్టుబాట్లు ముందే చెప్పాలి. మందు వద్దంటే వద్దని, వాకిట్లో మేకను కోయకూడదంటే కూడదని ఫోనులోనే చెబితే తర్వాత మాట తేడా రాదు. అలాగే కిరాయి పుచ్చుకున్న మనిషి మీద మన మాటలు రుద్దకూడదు. వారికి మన నడవడి కనబడితే చాలు.

షూనేము స్త్రీ చేసిన పని

పరిశుద్ధ గ్రంథంలో అతిథికి గది కట్టించిన స్త్రీ కథ మనకు తెలుసు. షూనేములోని ఆ గృహిణి మేడమీద చిన్న గది కట్టించి, మంచం, బల్ల, పీట, దీపం అమర్చింది. ఆమె ధారాళమైన మనసు గురించి మనం చాలా విన్నాం గానీ, ఆమె వరస గమనించామా? ముందు ఆమె ఎలీషాకు భోజనం పెట్టింది. అతడు ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ ఆ ఇంట్లో భోజనం చేశాడు. అతడు ఎటువంటివాడో ఆమె తెలుసుకుంది. తర్వాత తన భర్తతో మాట్లాడింది. ఆ తర్వాతే గది కట్టించింది. ఆమెలో ప్రేమా ఉంది, పరిశీలనా ఉంది. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని ఎక్కడా లేదు.

మనలో కొందరు అడగడమంటే అవమానించడమని అనుకుంటారు. మరికొందరు అనుమానమే తెలివి అనుకుని దప్పికతో వచ్చినవానికి కూడా గేటు తీయరు. ఈ రెండూ ఆ గృహిణి మార్గం కాదు.

అతిథి వచ్చాక

చిన్నపిల్లలను అతిథి గదికి నీళ్ళిచ్చి రమ్మనో, చాయ్ ఇచ్చి రమ్మనో ఒంటరిగా పంపకండి. ఆ పని పెద్దలే చేయాలి. బంగారం, భూమి పాసుపుస్తకాలు, సర్టిఫికెట్లు ఆ గదిలో ఉంచకండి. ఒంటరిగా ఉండే స్త్రీలు, వితంతువులు గది ఇచ్చేటప్పుడు పక్కింటి వారికి, సంఘ పెద్దకు ఆ సంగతి తెలిసి ఉండాలి. వీలైతే కుటుంబాలకే ఇవ్వడం మంచిది.

అతిథి వైపు నుండి కూడా ఆలోచించండి. గదికి లోపలి గొళ్ళెం సరిగా పడాలి. తాగే నీళ్ళు, స్నానాల గదికి తలుపు, రాత్రి దీపం ఉండాలి. జాతర రోజులు గదా అని చెప్పిన కిరాయికి మించి అడగకూడదు. వస్తువులు పాడు కాకపోతే పుచ్చుకున్న అడ్వాన్సు వెళ్ళేటప్పుడే తిరిగి ఇవ్వాలి. మనం వారిని పరిశీలించినట్లే వారూ మనల్ని చూస్తున్నారని మరువకూడదు.

వచ్చినవారితో ఉన్న ఆడపిల్ల బెదిరిపోయి ఉన్నా, తన ఊరు, తనవారి పేర్లు చెప్పలేకపోయినా, చిన్న వయసులోనే కొత్త పెండ్లికూతురు వేషంలో కనబడినా ఊరుకోకండి. 1098కి ఫోను చేయండి. అది పిల్లల కోసం ఉన్న నంబరు, డబ్బు ఖర్చు లేదు. గొడవ, బెదిరింపు, మూటలు దించడం వంటివి కనబడితే మీరే తలుపు కొట్టి నిలదీయవద్దు. 100కు గాని 112కు గాని చెప్పండి, ఇరుగుపొరుగును పిలవండి.

2027 పుష్కరాలు దగ్గరలోనే ఉన్నాయి. ఆ రోజులు వచ్చాక హడావిడిలో ఆలోచించడం కుదరదు. ఒక సాయంత్రం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చోండి. గది ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎవరు ఫోను మాట్లాడాలి, ఏమేమి అడగాలి, కిరాయి ఎంత, కట్టుబాట్లేమిటి అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ఆడపిల్లలు ఏమనుకుంటున్నారో తప్పక అడగండి, ఆ ఇల్లు వారిది కూడా. వారు వద్దంటే ఆ ఏడాది గది ఇవ్వకండి, కిరాయి డబ్బు ఇంకో పనిలో సంపాదించుకోవచ్చు. వారు కూడా సరేనంటే ఆ కాగితాన్ని తలుపు వెనుక అంటించి, వచ్చినవారిని చల్లని నీళ్ళతో ఆహ్వానించండి.